బఠాణీ చిగుళ్లు ఇంట్లోనే: మీ ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్‌లో అక్టోబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా బఠాణీ చిగుళ్లకు మంచి కాలం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీటి గురించే. గింజ కుళ్లిందనీ, బూజు పట్టిందనీ, ట్రే అంతా వాసన కొట్టిందనీ చాలామంది రాశారు. వీటన్నిటి వెనక ఉన్న కారణం దాదాపు ఒకటే: నీళ్లు ఎక్కువ, గాలి తక్కువ. కింది జవాబుల్లో ఈ మాట పదేపదే వస్తుంది. విసుక్కోకుండా చదవండి, ఎందుకంటే ఈ పంటలో అసలు కిటుకు అదే.

ప్ర: కిరాణా కొట్లో దొరికే ఎండు బఠాణీలు పనికొస్తాయా, విత్తనాల దుకాణంలోనే కొనాలా? పోయినసారి అరకిలో నానబెడితే సగం మొలవనే లేదు.
– పాఠకురాలు, మల్కాజిగిరి

జ: కిరాణా బఠాణీ నిక్షేపంగా పనికొస్తుంది. పచ్చ బఠాణీ అయినా తెల్ల బఠాణీ అయినా సరే, పొట్టు ఊడకుండా గుండుగా ఉండాలి. బఠాణీ పప్పు మొలవదు, బద్ద చేసేటప్పుడే మొలక ముక్కు విరిగిపోతుంది. ఫ్రోజెన్ బఠాణీని వేడినీళ్లలో ముంచి తీశాకే గడ్డకట్టిస్తారు కాబట్టి అందులో జీవం ఉండదు. కాయ ఒలిచిన తాజా గింజ కూడా వద్దు. ముదరని గింజ మొలకెత్తేలోపే కుళ్లుతుంది.

మీ అరకిలోలో సగం మొలవలేదంటే సరుకు పాతదై ఉండాలి, లేదా పురుగు పట్టిన గింజలు ఎక్కువై ఉండాలి. ఈసారి అరకిలో ఒకేసారి నానబెట్టకండి. ముందు 20 గింజలు తీసుకుని రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, మూత వదులుగా పెట్టిన గిన్నెలో ఉంచండి. రోజుకు రెండుసార్లు గుడ్డ తడపండి. మూడు నాలుగు రోజుల్లో 17, 18 మొలిస్తే ఆ సరుకు బంగారం. 14 కన్నా తక్కువ మొలిస్తే అది కూరకే. మొలవని గింజ ఖాళీగా పడి ఉండదు, కుళ్లి పక్కనున్న మంచి గింజకు కూడా బూజు అంటిస్తుంది. అందుకే ఈ చిన్న పరీక్ష చేయకుండా ట్రే నింపడం మంచిది కాదు. సరుకు వేగంగా తిరిగే దుకాణంలో కొంటే గింజ కొత్తగా ఉండే అవకాశం ఎక్కువ. బేగంబజార్ వైపు వెళ్లే పనుంటే అక్కడ రెండు మూడు రకాలు వందేసి గ్రాములు తెచ్చుకుని పరీక్షించి, ఏది బాగా మొలిస్తే అది కిలో తెచ్చుకోండి.

కొనేటప్పుడు రంగు చూడండి. కళ్లు చెదిరే ఆకుపచ్చగా ఉంటే అనుమానించాల్సిందే. గుప్పెడు గింజల్ని గ్లాసు నీళ్లలో అరగంట ఉంచితే, రంగు పూసినవైతే నీళ్లు పచ్చగా మారతాయి. అవి మొలకలకే కాదు, వంటకు కూడా వద్దు.

విత్తనాల దుకాణంలో కొనే పక్షంలో గులాబీ రంగు పొడి పట్టించినవి అసలు తీసుకోకండి. అది బూజు రాకుండా పట్టించే మందు. ఎన్నిసార్లు కడిగినా తినే చిగుళ్లకు అది పనికిరాదు. మందు కలపని విత్తనం కావాలని అడగండి. ఆర్కెల్ అనే బఠాణీ రకం లాంటి ముడతల గింజ తియ్యగా ఉంటుంది గానీ దాంట్లో చక్కెర ఎక్కువ, నీళ్లు కూడా ఎక్కువ పీలుస్తుంది. కాస్త వెచ్చగా ఉందంటే త్వరగా కుళ్లుతుంది. మొదటిసారి పెంచేవారికి నున్నటి గుండ్రటి గింజే మేలు.

ఇంకో జాగ్రత్త. నర్సరీల్లో 'స్వీట్ పీ' పేరుతో పూలమొక్క విత్తనాలు అమ్ముతారు. చూడటానికి బఠాణీలాగే ఉన్నా అది వేరే మొక్క, విషపూరితం. దాని గింజ గానీ ఆకు గానీ నోట్లో పెట్టకూడదు.

ప్ర: మొదటి నుంచి చివరి దాకా, కొలతలతో సహా పద్ధతి చెప్పండి. మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ.
– పాఠకుడు, కూకట్‌పల్లి

జ: తూర్పు బాల్కనీ అంటే ఈ పంటకు అంతకన్నా మంచి చోటు ఉండదు.

అడుగు పొడవు, అడుగు వెడల్పున్న ట్రేకి లెక్క చెబుతాం. ట్రే లోతు రెండు అంగుళాలుంటే చాలు. అడుగున పది పన్నెండు చిల్లులుండాలి, కింద నీళ్లు పట్టడానికి చిల్లులు లేని ఇంకో ట్రే గానీ పళ్లెం గానీ కావాలి. మిఠాయిలొచ్చే ప్లాస్టిక్ డబ్బాకి మేకు వేడిచేసి చిల్లులు పెట్టుకున్నా సరిపోతుంది.

ఎండు గింజలు 150 నుంచి 200 గ్రాములు తీసుకోండి. పుచ్చులు, పగిలినవి, ముడుచుకుపోయినవి ఏరేయండి. మూడు నాలుగు నీళ్లు కడిగి, గింజకు మూడింతలు నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. ఎనిమిది గంటలు చాలు, పన్నెండు దాటనివ్వకండి. ఎక్కువసేపు నీళ్లలో మునిగి ఉంటే గింజకు ఊపిరాడదు, నీళ్లు నురగకట్టి పుల్లటి వాసన వస్తాయి. ఆ వాసన వచ్చిన గింజల్ని ట్రేలో వేయొద్దు.

పొద్దున్నే నీళ్లు ఒంపేసి, పెసలు మొలక కట్టినట్టే పల్చటి నూలుగుడ్డలో మూట కట్టండి. పూటకోసారి మూటని కుళాయి కింద తడిపి, నీళ్లు పూర్తిగా కారిపోయేలా వేలాడదీయండి. ఒక రోజు, చల్లగా ఉంటే ఒకటిన్నర రోజులో తెల్లటి ముక్కు పావు అంగుళం బయటికొస్తుంది. ఈ మెట్టు మానేసి నానిన గింజల్ని నేరుగా ట్రేలో వేసేవాళ్లూ ఉన్నారు. మాకు మూట పద్ధతే నచ్చుతుంది. మొలవని గింజని ట్రేలోకి వెళ్లకముందే ఏరేయొచ్చు.

ఈలోగా కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, సిద్ధం చేసుకోండి. 650 గ్రాముల ఇటుక మీద నాలుగు లీటర్ల నీళ్లు పోస్తే అరగంటలో ఉబ్బి సుమారు ఎనిమిది లీటర్ల పొడి అవుతుంది. అది ఇలాంటి ట్రేలు రెండింటికి సరిపోగా ఇంకొంచెం మిగులుతుంది. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది. బకెట్‌లో నీళ్లు పోసి కలిపి గుడ్డలో వేసి పిండటం రెండుసార్లు చేయండి. తర్వాత గుప్పెట్లో తీసుకుని గట్టిగా నొక్కండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు, ఇంకా పిండాలి.

ఆ పొడిని ట్రేలో ఒకటిన్నర అంగుళం మందాన పరిచి అరచేత్తో సమంగా అదమండి. మొలకెత్తిన గింజల్ని దాని మీద ఒకే వరసగా పరవండి. ఒకదానికొకటి తగలొచ్చు గానీ ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పైన మట్టి కప్పాల్సిన పనిలేదు. ఇంకో ట్రేని బోర్లించకుండా, అడుగు భాగం గింజలకు తగిలేలా పైన పెట్టి, దాని మీద కిలో, రెండు కిలోల బరువు ఉంచండి. గింజలు నలిగిపోతాయని భయం వద్దు. బఠాణీ మొలకకు బలమెక్కువ, ఆ బరువుని పైకెత్తుకుంటూ వస్తుంది. బరువు లేకపోతే వేరు కోకోపీట్‌లోకి దిగకుండా గింజనే పైకి నెడుతుంది, మొలకలన్నీ వంకర్లు తిరుగుతాయి. రోజుకోసారి పై ట్రే ఎత్తి గాలి తగలనిచ్చి, పైన ఆరినట్టుంటే నాలుగు చిలకరింతలు కొట్టి మళ్లీ మూయండి.

రెండు మూడు రోజుల్లో మొలకలు అంగుళం ఎత్తుకి వస్తాయి. పసుపుపచ్చగా ఉంటాయి, కంగారు పడకండి. బరువు తీసేసి ట్రేని వెలుగులో పెడితే ఒక్క రోజులోనే పచ్చబడతాయి. ఇక్కడి నుంచి నీళ్లు పైనుంచి పోయడం ఆపేయండి. కింది ట్రేలో గ్లాసు నీళ్లు పోసి, ఇరవై నిమిషాలు ఆగి, మిగిలినవి ఒంపేయండి. రోజూ ఇలాగే చేయాలని లేదు, ట్రే చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉన్నప్పుడు పోస్తే చాలు. రెండు మూడు సార్లు ఎత్తి చూస్తే ఆ బరువు చేతికి తెలిసిపోతుంది.

నానబెట్టిన రోజు నుంచి పన్నెండు, పద్నాలుగు రోజులకు కోత. జనవరి చలిలో ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. 200 గ్రాముల గింజకు మొదటి కోతలో ఇంచుమించు అంతే బరువు చిగుళ్లు వస్తాయి.

ప్ర: ట్రేలో పెట్టిన నాలుగో రోజుకి గింజల చుట్టూ తెల్లగా నూగులా వచ్చింది. మా అత్తగారు బూజు పట్టింది పారేయమన్నారు, నేను పారేశాను. అది నిజంగా బూజేనా?
– పాఠకురాలు, ఉప్పల్

జ: మీ వర్ణన చూస్తే అది వేరునూగు, అంటే వేరుకి మామూలుగా వచ్చే సన్నటి పోగులు, అయి ఉండొచ్చు. చాలామంది ఇక్కడే మంచి పంటని పారేస్తున్నారు. ఈసారి పారేసే ముందు వెలుగులో పెట్టి దగ్గరగా చూడండి.

వేరునూగు వేరుని అంటిపెట్టుకునే ఉంటుంది. వేరు నాలుగు పక్కలకీ పొట్టిగా, సమంగా, తెల్లటి నూగులా నిలబడి ఉంటుంది. వేరు చివర మాత్రం నున్నగా ఉంటుంది. దాని మీద నీళ్లు చిలకరిస్తే నూగంతా వేరుకి అతుక్కుపోయి మాయమైనట్టు కనిపిస్తుంది. కాసేపటికి ఆరాక మళ్లీ లేస్తుంది. వాసన ఏమీ ఉండదు, ఉన్నా పచ్చి బఠాణీ వాసనే.

బూజు అలా కాదు. సాలెగూడులా ఒక గింజ నుంచి ఇంకో గింజకు, కోకోపీట్ మీదకి కూడా పాకుతుంది. నీళ్లు కొట్టినా పోదు. రెండో రోజుకి బూడిద రంగులోకో నల్ల చుక్కలుగానో మారుతుంది. కింద ఉన్న గింజని నొక్కితే మెత్తగా జారిపోతుంది, ముక్కు మూసుకునే వాసన వస్తుంది.

ఒకటి రెండు గింజల దగ్గరే ఉంటే ఆ గింజల్ని, చుట్టూ రెండు అంగుళాల మేర కోకోపీట్‌తో సహా స్పూనుతో తవ్వి తీసేయండి. ట్రేని గాలి ఆడే చోటికి మార్చి, ఒక రోజు నీళ్లు ఆపండి. ట్రేలో పావు భాగం దాటి పాకిందంటే మొత్తం పారేయడమే. పైన పచ్చగా బాగానే ఉన్నాయి కదా అని కోసుకుని తినకండి.

మళ్లీ రాకుండా ఏం చేయాలంటారా? ముందు గింజ మోతాదు తగ్గించండి. అడుగు ట్రేలో 250 గ్రాములు దాటితే నగరంలో మూసి ఉన్న బాల్కనీల్లో బూజు దాదాపు ఖాయం. వానాకాలంలో, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి 120 గ్రాములకు మించొద్దు, సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరిగే గదిలో ఉంచండి.

ప్ర: ఎక్కడ కోయాలి? కొందరికి రెండోసారి చిగురిస్తోంది, నాకు మొదళ్లే మిగులుతున్నాయి.
– పాఠకురాలు, నాచారం

జ: ఒక మొక్కను పీకి చేతిలో పెట్టుకుని చూడండి. కాడ మొదట్లో, గింజకు కాస్త పైన, చిన్న పొలుసులాంటి ఆకు కాడని హత్తుకుని ఉంటుంది. దానిపైన ఇంకో పొలుసు. ఆ పైన అసలు ఆకుల జత మొదలవుతుంది. ఆకు కాడని తాకే ప్రతిచోటా ఒక కణుపు, కణుపు మూలలో ఆవగింజంత మొగ్గ. పైకొమ్మ ఉన్నంతకాలం ఆ మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. కొమ్మ కోసేసిన రెండు మూడు రోజులకి లేస్తుంది. మీరు ఆ మొగ్గతో సహా నేలమట్టంగా కోసేస్తున్నారు, అందుకే మళ్లీ రావడం లేదు.

కింది నుంచి కనీసం ఒక కణుపు, వీలైతే రెండు వదిలి, కణుపుకు పావు అంగుళం పైన కత్తిరించండి. ఒత్తుగా ఉన్న ట్రేలో ఒక్కో కాడనీ వెతకడం కుదరదు కాబట్టి, కింద అంగుళం నుంచి అంగుళంన్నర వదిలేస్తే లెక్క సరిపోతుంది. పదునైన కత్తెర వాడండి. మొద్దు కత్తెరతో కాడ నలిగితే అక్కడే కుళ్లు మొదలవుతుంది. చేత్తో గుంజితే గింజతో సహా ఊడొస్తుంది.

మెంతులు, ఆవాలు ఇలా మళ్లీ రావు, బఠాణీ వస్తుంది. ఎందుకంటే మెంతిలో గింజ బద్దలు కాడతోపాటు పైకి వచ్చేస్తాయి, వాటి కింద కోస్తే ఇక మొగ్గంటూ ఉండదు. బఠాణీ బద్దలు కిందే ఉండిపోతాయి. అందులోని తిండి ఇంకా మిగిలి ఉంటుంది, కణుపులూ మిగిలి ఉంటాయి.

మొదటి కోత నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తులో, పైన చివరి ఆకు ఇంకా ముడుచుకుని ఉండగానే చేయాలి. నులితీగలు పొడుగై ఒకదాన్నొకటి చుట్టుకున్నాయంటే ఆలస్యమైనట్టే, కాడ అడుగుభాగం పీచుగా మారిపోతుంది. కోశాక ఒక రోజు నీళ్లు ఇవ్వకండి. ఆ తర్వాత మామూలుగా ఇస్తే ఎనిమిది, పది రోజుల్లో రెండో కోత వస్తుంది. మొదటి దాంట్లో సగమో, ఇంకొంచెం తక్కువో వస్తుంది. మూడోసారికి కాడలు సన్నబడి రుచి తగ్గుతుంది, చోటు ఆక్రమించడమే తప్ప లాభం లేదు. పది రోజుల తేడాతో రెండు ట్రేలు నడిపించుకుంటే నలుగురున్న ఇంటికి వారానికోసారి కూర వస్తుంది.

ప్ర: ఏప్రిల్, మే నెలల్లో పెంచొచ్చా?
– పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జ: మా సలహా అయితే వద్దు. బఠాణీ చలి పంట. 24 డిగ్రీల దగ్గర గింజ చురుగ్గా మొలుస్తుంది, 30 దాటితే మొలకలు తగ్గి కుళ్లు పెరుగుతుంది. ఇక్కడ మేలో 40 తగులుతుంది, రాత్రి కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఏసీ రోజంతా నడిచే గదిలో కిటికీ పక్కన అయితే వస్తాయి గానీ, గుప్పెడు చిగుళ్ల కోసం అంత కరెంటు ఎందుకు? ఎండాకాలంలో అలసందలు వేసుకోండి. వాటికి వేడంటే ఇష్టం, లేత ఆకు వండుకుంటే బాగుంటుంది. తోటకూర విత్తనాలు కూడా అదే ట్రేలో ఒత్తుగా చల్లుకుని అరచెయ్యంత ఎత్తులో కోసుకోవచ్చు.

ప్ర: మొలకలు సన్నగా, పాలిపోయి, పొడుగ్గా సాగి పడిపోతున్నాయి.
– పాఠకురాలు, అమీర్‌పేట

జ: వెలుగు చాలడం లేదు. ఎదురుగా భవనం అడ్డొస్తున్న బాల్కనీల్లో ఇది మామూలే. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలితే చాలు, మధ్యాహ్నపు ఎండ అక్కర్లేదు. అదీ కుదరకపోతే 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబ్‌ని ట్రేకి అడుగు ఎత్తున కట్టి రోజుకు పన్నెండు గంటలు వెలిగించండి. కిటికీ వైపు ఒరుగుతుంటే రోజూ ట్రేని అటూ ఇటూ తిప్పండి. ఒకసారి సాగిపోయిన కాడ మళ్లీ పొట్టిగా, దృఢంగా మారదు. దాన్ని అలాగే కోసేసి రెండో చిగురుకి వెలుగు చూపించండి.

ప్ర: మాకు బోరు నీళ్లే. మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లు మొక్కలకి పోస్తుంటాను. ఏవి వాడాలి?
– పాఠకుడు, మియాపూర్

జ: ఆర్వో వదిలేసే నీళ్లు ఈ ట్రేలకి మాత్రం వద్దు. మీ బోరులో ఉన్న ఉప్పంతా చిక్కబడి ఆ నీళ్లలోనే ఉంటుంది. పెద్ద కుండీ అయితే కొంత తట్టుకుంటుంది, ఒకటిన్నర అంగుళం కోకోపీట్ తట్టుకోలేదు. ఆకు అంచులు గోధుమరంగుకి మారి ఎండిపోతే, ట్రే అంచుల్లో తెల్లటి పొర పేరుకుంటే అది ఉప్పు పనే.

మున్సిపల్ నీళ్లని బకెట్‌లో పట్టి రాత్రంతా మూత లేకుండా ఉంచండి, క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది. ఒక ట్రేకి మొదటి నుంచి చివరి దాకా పట్టేవి నాలుగైదు లీటర్లే కాబట్టి, నానబెట్టడానికీ మొదటి వారానికీ ఈ నీళ్లే వాడుకోండి. ఆ తర్వాత బోరు నీళ్లు పోసినా కోతకి ఇంకో వారమే కనక పెద్ద నష్టం కనిపించదు. వేరే ఎరువేదీ వేయక్కర్లేదు. మొదటి కోతకి కావాల్సిందంతా గింజలోనే ఉంటుంది. జీవామృతం, ఆవుమూత్రం లాంటివి తినే లేత చిగుళ్ల మీద చల్లడం మంచి పని కాదు.

ప్ర: పావురాలు బతకనివ్వడం లేదు. పొద్దున లేచేసరికి గింజలన్నీ ఖాళీ.
– పాఠకురాలు, సికింద్రాబాద్

జ: మొదటి వారం ట్రే ఇంట్లోనే ఉంచండి, ఆ దశలో వెలుగు పెద్దగా అక్కర్లేదు. బాల్కనీలోకి మార్చాక గింజ కనిపించనంత ఒత్తుగా ఆకు కమ్ముకుంటుంది గానీ, పావురానికి లేత ఆకు కూడా ఇష్టమే. పండ్ల బుట్ట బోర్లించి పైన రాయి పెట్టండి, లేదా ముప్పావు అంగుళం కన్నులున్న పక్షుల వలని ట్రేకి జానెడు ఎత్తున బిగించండి. వల చిగుళ్ల మీద వదులుగా పరిస్తే నులితీగలు అల్లుకుపోయి తీసేటప్పుడు అంతా చిరుగుతుంది. పావురాల రెట్ట పడిన చిగుళ్లని కడుక్కుని తినే ఆలోచన చేయకండి. ఆ భాగం తీసి పారేయండి.

ప్ర: మా పక్కింటి బెంగాలీవాళ్లు 'మటర్ శాక్' అని పెద్ద పెద్ద చిగుళ్లు వండుతారు. ట్రేలో వచ్చేవి అలా ఉండవు. కుండీలో ఎలా పెంచాలి?
– పాఠకురాలు, గచ్చిబౌలి

జ: అవి ట్రేలో రావు, వాళ్లు వండేది ఎదిగిన తీగ మీద గిల్లిన కొస. రుచిలో అదే మిన్న, కాడ గుల్లగా, ఆకు మందంగా, పచ్చి బఠాణీ తీపితో ఉంటుంది. ఓపికుంటే తప్పకుండా పెంచండి.

పన్నెండు అంగుళాల వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు ఉన్న కుండీ తీసుకోండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మికంపోస్టు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు. అక్టోబరు సగం నుంచి నవంబరు నెలాఖరులోపు, నానబెట్టిన గింజల్ని అంగుళం లోతున, రెండు అంగుళాల ఎడంతో నాటండి. ఆసరాకి కంది కంపలో, పాత తాడో చాలు. ఎనిమిది అంగుళాల ఎత్తుకి వచ్చాక పైకొసని రెండు ఆకుల జతలతో సహా గిల్లేయండి. పక్కల నుంచి రెండు మూడు కొమ్మలు వస్తాయి. వాటి కొసలు మూడు, నాలుగు అంగుళాలు రాగానే మళ్లీ గిల్లండి. గోటితో టక్కున విరిగితే లేతది, వంగి పీచు కనిపిస్తే ఇంకో కణుపు పైకి వెళ్లి గిల్లాలి. గిల్లేకొద్దీ గుబురవుతుంది. పూత వస్తే పూలు కూడా తినొచ్చు, కాయ పట్టనిస్తే మాత్రం కొసలు గట్టిపడతాయి.

జనవరి చివర్లో, పగలు ఎండా రాత్రి చలీ ఉన్నప్పుడు ఆకుల మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొర వస్తే అది బూడిద తెగులు. దీనికి గంధకం మందు కొడతారు గానీ, వారం తిరక్కుండా గిల్లి తినే మొక్కకి మేం అది చెప్పం. సోకిన ఆకులు తీసేయండి, మొక్కల మధ్య గాలి ఆడేలా పలచన చేయండి. తీగంతా పాకితే పీకేయండి, అప్పటికి కాలం కూడా అయిపోవస్తుంది. కొసల్లో పేనుబంక పడితే పొద్దున్నే నీళ్ల జల్లు గట్టిగా కొడితే రాలిపోతుంది. వరసగా మూడు రోజులు కొట్టాలి.

ప్ర: పచ్చివి తినొచ్చా? ఇంట్లో గర్భిణి ఉంది. మా మామయ్యగారు గుండెకి రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారు.
– పాఠకురాలు, కొత్తపేట

జ: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు బాగా కడుక్కుని పచ్చివి తినొచ్చు. గర్భిణులకు, ఐదేళ్లలోపు పిల్లలకు, వయసు మళ్లినవాళ్లకు మాత్రం వండే పెట్టండి. వెచ్చటి తడిలో గింజతోపాటు సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి, గింజ లోపలి పగుళ్లలో దాగి ఉంటే ఎంత కడిగినా పోవు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఈ.కోలై అనే బ్యాక్టీరియా వ్యాపించి యాభై మందికి పైగా చనిపోయారు. గింజతో సహా తినే మొలకల కన్నా, పైన కోసుకునే చిగుళ్లలో ప్రమాదం తక్కువే. అయినా గర్భిణి విషయంలో రెండు నిమిషాలు వేయించడానికి బద్ధకించొద్దు.

మీ మామయ్యగారి సంగతి. ఆకుకూరలన్నిట్లోలాగే ఇందులోనూ విటమిన్ కె ఉంటుంది. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ రకం మాత్రలు వాడేవాళ్లు ఆకుకూర హఠాత్తుగా పెంచినా మానేసినా మందు పనితనం మారిపోతుంది. తినకూడదని కాదు, రోజూ తినే మోతాదు ఒకేలా ఉండాలి. ఆయన మాత్ర ఏ రకమో డాక్టరుని అడిగి, వారానికి ఎంత తినొచ్చో డాక్టరు చెప్పాకే మొదలుపెట్టండి.

ప్ర: పప్పులో వేస్తే రంగు పోయి గడ్డిలా అవుతోంది.
– పాఠకురాలు, మెహదీపట్నం

జ: చింతపండు వేసి మూతపెట్టి ఉడికిస్తున్నారు. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగు మాడు ఆకు రంగులోకి తిరుగుతుంది, మూతపెడితే ఇంకా తొందరగా. పెసరపప్పు విడిగా ఉడికించి, ఉప్పు, పసుపు, పచ్చిమిర్చి వేసి, తాలింపు పెట్టాక ఆఖర్న చిగుళ్లు వేసి రెండు నిమిషాల్లో దించేయండి. పులుపు కావాలంటే గిన్నెలో వడ్డించేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. వేపుడైతే మంట పెద్దది పెట్టి, చెంచా నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిర్చి వేగాక చిగుళ్లు వేసి కలియబెడుతూ ఒకటిన్నర నిమిషం. 200 గ్రాముల చిగుళ్లు వేగాక గిన్నెడే అవుతాయి, ఉప్పు దాన్నిబట్టి వేయండి. ఆరంగుళాలు దాటిన కాడల్ని వేపుడుకి కాకుండా పచ్చడికి వాడండి, రోట్లో నలిగితే పీచు తెలియదు.

నిల్వకైతే కడగకండి. పొడి గుడ్డ పరిచిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే ఐదారు రోజులు బాగుంటాయి. వాడిపోతే పది నిమిషాలు చల్లటి నీళ్లలో వేయండి, లేచి నిలబడతాయి.

ప్ర: రెండో కోత అయ్యాక మిగిలిన వేళ్ల గడ్డ ఏం చేయాలి? అదే కోకోపీట్ మళ్లీ వాడొచ్చా?
– పాఠకుడు, ఈసీఐఎల్

జ: వెంటనే మళ్లీ బఠాణీకి వాడొద్దు. మిగిలిపోయిన గింజబద్దలు అందులో కుళ్లుతూ ఉంటాయి, కొత్త గింజకు బూజు అక్కడి నుంచే అంటుకుంటుంది. గడ్డని నాలుగు ముక్కలుగా చింపి కంపోస్టు డబ్బాలో వేయండి, పైన గుప్పెడు ఎండాకులు కప్పితే వాసన రాదు. కంపోస్టు డబ్బా లేకపోతే పెద్ద కుండీలో అడుగున పూడ్చి పైన మట్టి కప్పండి. నెల, నెలన్నరలో కలిసిపోతుంది, అప్పుడు అందులో టమాటా నారు నాటుకోవచ్చు. బూజు పట్టిన గడ్డని మాత్రం కుండీలో పూడ్చకండి, చెత్తబుట్టకే.

ఖాళీ ట్రేని సబ్బునీళ్లతో రుద్ది, లీటరు నీళ్లలో రెండు చెంచాల బ్లీచింగ్ ద్రావణం కలిపి పది నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగి రోజంతా ఎండలో బోర్లించండి. చిల్లుల్లో ఇరుక్కున్న వేళ్లని పుల్లతో పొడిచి తీయడం మరవొద్దు. అవి ఎండి చిల్లు మూసుకుపోతే మరుసటి పంటకి నీళ్లు అడుగునే నిలిచిపోతాయి.